ధర్మయుద్ధము కలదా? – క్రైస్తవ దృష్టితో ఒక విచారణ

యుద్ధము ధర్మమగునా, కాదా అను ప్రశ్న రాజులకును సేనానులకును సంబంధించినదే గాని సంసారులకు సంబంధించినది కాదని లోకులు తలంచుట కద్దు. హోసూరు, కృష్ణగిరి సీమలలో తరతరములుగా కాపురమున్న తెనుగు కుటుంబములవారికి అట్లు తలంచుటకు వీలులేదు. మైసూరు పీఠభూమికిని బారామహల్ మైదానమునకును నడుమనున్న కనుమల మీద మన ఊళ్ళు వెలసినవి. చెన్నపట్టణమునుండి బెంగళూరు మీదికి పోవు దండును, బెంగళూరునుండి కర్ణాటక సీమ మీదికి దిగు దండును మన పొలముల మీదుగనే నడచినవి. వారి గుఱ్ఱములు మేసినది మన పైరులే. వారి బండ్లకు కట్టినది మన ఎడ్లనే. కావున ఈ ప్రశ్నను అడుగుటకు మనకు అధికారము కలదు. శత్రువును ప్రేమింపవలెనని బోధించిన క్రీస్తును ప్రభువుగా కొలుచువారు ఏ యుద్ధమునైనను ధర్మమని చెప్పవచ్చునా అనునది ఈ వ్యాసమునకు విషయము. హైందవ సోదరులును ఈ సంచికను చదువుదురు గనుక, ఉభయులకును పరిచయమైన మాటలతోనే విచారింప యత్నింతుము.

మొదట మన బాగలూరులోనే జరిగిన ఒక సంగతిని స్మరింపవలసియున్నది. మొదటి మైసూరు యుద్ధములో, 1768వ సంవత్సరము నవంబరు మాసమున, కుంపిణీ సేనాని కర్నల్ ఉడ్ హోసూరును విడిపించుటకై పోవుచు, తన బరువు సామానును, పెద్ద ఫిరంగులను బాగలూరు పేటలో విడిచి వెళ్ళెను. హైదరాలీ అతనిని తప్పించుకొని చుట్టు తిరిగి వచ్చి, హఠాత్తుగా బాగలూరు పేట మీద పడెను. పేటలోని సిపాయిలు కోటలోనికి పరుగిడిరి. వారి వెంబడి దండుతో వచ్చిన కూలివారు, బండ్లు తోలువారు, స్త్రీలు, పిల్లలు గుంపుగా కోటవాకిటికి చేరిరి. శత్రువు లోనికి చొరబడునను భయముతో కోటలోనివారు తలుపులు మూసిరి. వెనుకనుండి జనము నెట్టుచుండగా, ముందర తలుపు మూసియుండగా, ఆ త్రొక్కిడిలో అనేకులు నలిగి చచ్చిరని ఆ యుద్ధచరిత్రను వ్రాసినవారు చెప్పుదురు. హైదరు ఫిరంగులను, సామానును పట్టుకొని పోయెను. చనిపోయినవారి పేర్లు ఏ గ్రంథమునను లేవు.

దీనికి తరువాయి కథ ఏమి? 1769 ఏప్రిలులో హైదరాలీ చెన్నపట్టణపు పొలిమేరలకు వచ్చి నిలువగా, ఉభయులును సంధి చేసికొనిరి. పట్టుకొన్న ప్రదేశములను, స్వల్పభేదముతో, ఎవరివి వారికి ఇచ్చివేయుటయే ఆ సంధి సారాంశము. ఒకరికి ఆపద వచ్చినప్పుడు ఇంకొకరు తోడుపడవలెనను షరతు కూడ అందు చేరినది. తరువాత మహారాష్ట్రులు మైసూరు మీదికి వచ్చినప్పుడు కుంపిణీవారు ఆ మాట నిలుపుకొనలేదు. ఆ మాట తప్పుటయే 1780లో మొదలైన రెండవ యుద్ధమునకు ఒక కారణమయ్యెను. కోటవాకిట నలిగిన ప్రాణములకు ప్రతిగా లోకమునకు దక్కినది ఇంతమాత్రమే.

ఆ తలుపు మూసినవానిని గూర్చి కొంచెము ఆలోచింపుడు. తలుపు తెఱచినయెడల శత్రువు లోనికి వచ్చి లోపలివారినందఱిని చంపవచ్చును. మూసినయెడల బయటివారు చత్తురు. అతనిని హంతకుడని అనుటకు మనకు నోరాడదు. అట్లని, అతడు పుణ్యకార్యము చేసెననియు అనలేము. తప్పనిసరియైన పని వేఱు, మంచిపని వేఱు. యుద్ధమును గూర్చి క్రైస్తవ ధర్మము చెప్పునదంతయు ఈ భేదము చుట్టు తిరుగుచున్నదని మా నమ్మకము.

వేదపుస్తకమున ఈ విషయమై రెండు ధారలు కనబడును. కొండమీది ప్రసంగములో ప్రభువు దుష్టుని ఎదిరింపవలదనెను, హింసించువారికొఱకు ప్రార్థింపుమనెను. గెత్సేమనే తోటలో పేతురు కత్తి దూసినప్పుడు దానిని ఒఱలో పెట్టించెను. ఇది ఒక ధార. బాప్తిస్మమిచ్చు యోహాను తన యొద్దకు వచ్చిన సిపాయిలతో, ఎవరిని బాధపెట్టి సొమ్ము లాగవలదనియు, జీతముతో తృప్తిపడుడనియు చెప్పెనే గాని కొలువు మానుడని చెప్పలేదు. ప్రభువు శతాధిపతి విశ్వాసమును మెచ్చుకొనెను. అపొస్తలుడైన పౌలు రోమీయులకు వ్రాసిన పత్రికలో, అధికారి ఖడ్గమును ధరించుట వ్యర్థము కాదని చెప్పెను. ఇది రెండవ ధార. ఒకదానిని పట్టుకొని రెండవదానిని విడిచినవారు సులభముగా తీర్పు చెప్పగలరు. రెండింటిని పట్టుకొన్నవారికి సులభమైన తీర్పు దొరకదు.

ఆదిసంఘమువారు ఎక్కువగా మొదటి ధారనే అనుసరించిరి. 295వ సంవత్సరమున ఉత్తర ఆఫ్రికాలోని తెబెస్సా పట్టణమున మాక్సిమిలియను అను యువకుడు తాను క్రైస్తవుడనని చెప్పి సైన్యములో చేరుటకు నిరాకరించి, మరణశిక్ష పొందెను. ఒక శతాబ్దము గడచిన పిమ్మట అదే సీమలో హిప్పో నగరపు బిషప్పైన అగస్టీను వేఱొక సమాధానమును చెప్పెను. అప్పటికి రోమను చక్రవర్తులు క్రైస్తవులైరి. దేశమును రక్షించు భారము క్రైస్తవుల మీద పడినది. తన ప్రాణము కొఱకు గాక, పొరుగువాని ప్రాణము కొఱకు, అధికారముగల ప్రభుత్వపు ఆజ్ఞచే, శాంతిని నెలకొల్పు ఉద్దేశముతో ఆయుధము పట్టుట ప్రేమకు విరోధము కాదని ఆయన అభిప్రాయము. అయితే అట్టి యుద్ధమునకు సైతము జ్ఞాని దుఃఖింపవలెనే గాని సంతోషింపరాదని ఆయన నొక్కి చెప్పెను. ఈ మాటలు చెప్పినవాడు యుద్ధమును దూరమునుండి చూచినవాడు కాడు. 430లో వండలులు హిప్పోను ముట్టడించియుండగా, ఆ ముట్టడిలోనే ఆయన కన్నుమూసెను.

పదుమూడవ శతాబ్దమున తోమా అక్వినాసు ఈ విచారమును మూడు నిబంధనలుగా కూర్చెను. యుద్ధము ప్రకటించువారికి న్యాయమైన అధికారముండవలెను. కారణము న్యాయమైనదిగా ఉండవలెను. ఉద్దేశము శుద్ధముగా ఉండవలెను. తరువాతి పండితులు మఱికొన్నిటిని చేర్చిరి. తక్కిన ఉపాయములన్నియు విఫలమైన పిదపనే యుద్ధము; జయమునకు తగిన ఆశ ఉండవలెను; కలుగు కీడు తొలగించు కీడుకంటె మించరాదు; ఆయుధము పట్టనివారిని చంపరాదు. ఇవి మనవారికి అపరిచితములు కావు. రాజ్యమంతయు న్యాయముగా రావలసియున్నను ధర్మరాజు ఐదూళ్ళు చాలునని శ్రీకృష్ణుని రాయబారమంపుట, ఉపాయములన్నియు విఫలమైన పిదపనే యుద్ధమను నియమమునకు మన సాహిత్యములోని గొప్ప నిదర్శనము.

అయితే ఈ నిబంధనలను ఏ భావముతో చదువవలెనో గ్రహించుట ముఖ్యము. కచేరీలో ముప్పదియేండ్లు గుమాస్తాగా కాగితములు నడిపిన మాకు ఒక సంగతి తెలియును. మంజూరు ఉత్తరువు వేఱు, ఆడిటువారి అభ్యంతర పత్రము వేఱు. మొదటిది ఖర్చు చేయుమని చెప్పును. రెండవది, ఖర్చు చేయుటకు ముందు ఈ ప్రశ్నలకు సమాధానము చెప్పుమని అడ్డగించును. పెద్దలు వ్రాసిన ధర్మయుద్ధ నియమములు అభ్యంతర పత్రములు. రాజులు వానిని మంజూరు ఉత్తరువులుగా వాడుకొనిరి. యుద్ధమునకు నిశ్చయించిన పిమ్మట నియమములను వెదకి, ఒక్కొక్కదానికి ఎదురుగా సరి అని గుర్తు పెట్టించుకొనుట లోకములో వాడుకయైపోయినది. ఒక్క ప్రశ్నకు సమాధానము లేకపోయినను కాగితము వెనుకకు పోవలసినదే.

ఈ కొలతతో 1768 నాటి యుద్ధమును కొలిచి చూతము. ఆ సంవత్సరము ఫిబ్రవరిలో జరిగిన మచిలీపట్టణపు సంధిలో, అప్పటికి హైదరాలీ చేతిలోనున్న కర్ణాటక బాలాఘాటు సీమ దివానీని నైజాము కుంపిణీవారికి కాగితము మీద ధారాదత్తము చేసెను. కనుమల మీది సీమ ఎవరిదో, దానిలోని రైతులు ఎవరో విచారింపకయే, సముద్రతీరమున ఒక తెనుగు పట్టణపు పేరిట దాని భవిష్యత్తు నిర్ణయమయ్యెను. హైదరు పక్షమునను రాజ్యకాంక్ష లేదని చెప్పజాలము. మైసూరు సింహాసనపు అధికారమును అతడు స్వశక్తిచే చేజిక్కించుకొన్నవాడు. అధికారమా, ఉభయులకును సందిగ్ధము. కారణమా, భూమి. ఉద్దేశమా, శిస్తు. నిరాయుధుల రక్షణయా, కోటవాకిటిని అడుగుడు. ఏ పక్షమునకును ఇది ధర్మయుద్ధము కాదు.

అట్లయిన, ఏ యుద్ధమును కూడదని చెప్పి ఊరకుండరాదా అని కొందఱు అడుగవచ్చును. అట్లు చెప్పిన క్రైస్తవులు మన తెనుగుదేశమునందే కలరు. మెనోనైటు సంప్రదాయమువారు పదునాఱవ శతాబ్దమునుండి ఆయుధధారణమును నిషేధించినవారు. అందుకై యూరపులో దేశమునుండి దేశమునకు వలసపోయిరి. ఆ సంప్రదాయమునకు చెందిన అబ్రహాము ఫ్రీసెను దంపతులు రష్యానుండి వచ్చి 1890 ప్రాంతమున నల్లగొండలో సేవచేసిరి. 1899లో అమెరికానుండి హీబర్టు అను మిషనరీ హైదరాబాదు సంస్థానమునకు వచ్చెను. మహబూబ్‌నగరు ప్రాంతమున నేటికిని మెనోనైటు బ్రదరను సంఘములు వర్ధిల్లుచున్నవి. ఈ సంప్రదాయమును మేము గౌరవింతుము. వారు లేకున్నయెడల తక్కిన సంఘములు కొండమీది ప్రసంగమును అలంకారముగా మార్చివేసియుండెడివి.

అయినను మా మనస్సు వారితో పూర్తిగా ఏకీభవింపదు. నా చెంప మీద కొట్టినవానికి రెండవ చెంప చూపుట నా వశమందున్నది. పొరుగువాని బిడ్డ చెంపను చూపుటకు నాకు అధికారము లేదు. 1971లో తూర్పు పాకిస్తానునుండి సుమారు కోటిమంది శరణార్థులు మన దేశమునకు వచ్చిరి. వారిని వెనుకకు పంపుట చావునకు అప్పగించుటయే. నెలల తరబడి లోకములోని ప్రభుత్వములకు మొఱపెట్టిన పిమ్మట, డిసెంబరులో పదుమూడు దినముల యుద్ధము జరిగెను. 1972 మార్చికి మన సేనలు ఆ దేశమును విడిచి తిరిగి వచ్చినవి. సుమారు తొంబదిమూడు వేలమంది ఖైదీలను పిమ్మట వారి దేశమునకు పంపివేసిరి. రాజ్యకాంక్ష ఏ మాత్రమును కలియలేదని ఎవరును ప్రమాణము చేయలేరు. కాని పొరుగువానిని రక్షించుటకు పోయి, పని తీరినంతనే తిరిగివచ్చుట అను కొలతకు దగ్గఱగా వచ్చిన యుద్ధములలో అది యొకటి. దానిని తప్పనిసరి యుద్ధమని ఒప్పుకొనుటకు మాకు సంకోచము లేదు.

ఐతే తప్పనిసరి యుద్ధము చేసినవాడు చేతులు కడుగుకొని కూర్చుండవచ్చునా? ఇచ్చట పూర్వసంఘము మనకు ఒక మఱపునపడిన పాఠమును నేర్పుచున్నది. నాలుగవ శతాబ్దమున కైసరయ బిషప్పైన బాసిలు, యుద్ధములో చంపినవారిని హంతకులతో సమానముగా ఎంచలేదు. అయినను వారి చేతులు శుద్ధముగా లేవు గనుక మూడేండ్లు ప్రభువు బల్లకు దూరముగా ఉండుట మంచిదని సలహా ఇచ్చెను. 390లో థెస్సలొనీక పట్టణమున సైనికులచే ప్రజలను చంపించిన థియొడోసియసు చక్రవర్తిని మిలాను బిషప్పు అంబ్రోసు బహిరంగ ప్రాయశ్చిత్తము చేయువఱకు సంస్కారమునకు రానీయలేదు. 1066లో హేస్టింగ్సు యుద్ధమును గెలిచిన నార్మనులకు పోపుగారి ఆశీర్వాదము కలదు. అయినను వారి బిషప్పులే, చంపిన ప్రతి మనుష్యునికి ఒక్కొక్క సంవత్సరము చొప్పున ప్రాయశ్చిత్తమును విధించిరి. గెలిచినవారికి విధించిన శిక్ష ఇది, ఓడినవారికి కాదు.

మన దేశమున మాత్రము ఈ ఎఱుక లేదా? కురుక్షేత్రమున గెలిచిన ధర్మరాజు రాజ్యము వలదని శోకించిన కథ మనవారెల్లరెఱిగినదే. కళింగ యుద్ధములో లక్షమంది చంపబడిరనియు, లక్షయేబదివేలమంది చెఱపట్టబడిరనియు, అందుకు తాను పశ్చాత్తప్తుడనైతిననియు అశోకుడు చెక్కించిన శాసనపు ప్రతి కర్నూలు సీమలోని ఎఱ్ఱగుడి బండల మీద నేటికిని ఉన్నది. విజయశాసనములు దేశమున వేలకొలది కలవు. విజయమునకు దుఃఖించిన శాసనము చెక్కించిన రాజులు మిక్కిలి అరుదు.

ఈ పాఠమును సంఘమే మఱచినప్పుడు ఏమగునో మన కాలముననే చూచితిమి. 2022లో రష్యా సేనలు ఉక్రెయిను మీదికి పోయినవి. ఉభయపక్షములందును బాసిలును పరిశుద్ధుడుగా కొలుచు సనాతన క్రైస్తవులే ఎక్కువ. ఆ యేడు సెప్టెంబరులో రష్యా సంఘాధిపతి కిరిల్, సైనికధర్మమును నెఱవేర్చుచు మరణించినవాని పాపములు ఆ మరణముచే కడుగబడునని బోధించెను. యుద్ధమునుండి వచ్చినవాడు మూడేండ్లు బల్లకు దూరముగా ఉండవలెనన్న బాసిలు ఎక్కడ, యుద్ధమే పాపమును కడుగునన్న ఈ బోధ ఎక్కడ! ప్రాయశ్చిత్తము అవసరమైన కార్యమునే ప్రాయశ్చిత్తముగా చేసివేసిన తరువాత ధర్మయుద్ధ నియమములకు ప్రాణముండదు.

ఆధునికాయుధములు ఈ విచారణను ఇంకను కఠినము చేసినవి. 1945 ఆగస్టు 9వ తేదీన నాగసాకి మీద వేసిన అణుబాంబు, జపానులో కతోలికులు ఎక్కువగా నివసించిన ఉరకామి పేట మీద ప్రేలెను. దేవాలయముతో కూడ వేలకొలది విశ్వాసులు దగ్ధమైరి. బాంబు వేసిన దేశము క్రైస్తవ దేశమే. బాగలూరు పేటవాకిట త్రొక్కిడి యుద్ధమధ్యమున కలిగిన విపత్తు. నాగసాకిలో పట్టణమే గుఱి. నిరాయుధుల మరణము ప్రమాదముగా గాక ఉపాయముగా మారినది. 1965లో రెండవ వాటికను మహాసభ, పట్టణములను జనులతో కూడ విచక్షణ లేక నాశనము చేయు ఏ యుద్ధకార్యమైనను దేవునికిని మనుష్యునికిని విరుద్ధమైన నేరమని ప్రకటించెను. 2020లో ఫ్రాన్సిసు పోపుగారు తమ లేఖలో, పూర్వపు కొలతలను పట్టుకొని నేటి యుద్ధమును న్యాయమైనదని చెప్పుట మిక్కిలి కష్టమని వ్రాసిరి.

మన హోసూరు సమీపమున తొరపల్లిలో 1878లో జన్మించిన చక్రవర్తి రాజగోపాలాచారిగారు క్రైస్తవులు కారు. కాని ఈ రెండు భాగములను విడదీసి చూచిన నేర్పు వారియందు కలదు. 1940లో, దేశమునకు జాతీయ ప్రభుత్వమును ఇచ్చినయెడల దేశరక్షణకు సహకరింపవచ్చునని కాంగ్రెసుచేత ఒప్పించి, గాంధీ మహాత్ముని అహింసావ్రతముతో భేదించిరి. ఆ రాజాజీగారే ఎనుబదిమూడేండ్ల ప్రాయమున, 1962లో, అమెరికాకు పోయి అధ్యక్షుడు కెన్నెడీని కలసికొని అణ్వాయుధ పరీక్షలను నిలుపుమని కోరిరి. రక్షణకై యుద్ధము చేయవలసి రావచ్చునని ఒప్పుకొన్నవారే, కొన్ని ఆయుధములను ఏ కారణము చేతను తాకరాదని చెప్పిరి. కారణము న్యాయమైనంత మాత్రమున సాధనము న్యాయము కాదు.

యుద్ధము వచ్చిన పిమ్మట ధర్మమును వెదకుటకంటె, రాకముందు శాంతికై పాటుపడుట క్రైస్తవునికి మొదటి విధి. 1779లో చెన్నపట్టణపు ప్రభుత్వము హైదరాలీ యొద్దకు శాంతిదూతగా పంపినది సేనానిని కాదు. లూథరను మిషనరీయైన ష్వార్ట్జు పాదిరిగారిని. కుంపిణీవారి మాటను నమ్మని హైదరు ఆ పాదిరి మాటను నమ్మెను. శ్రీరంగపట్టణమునకు పోయిన ఆ రాయబారము ఫలింపలేదు. మఱుసటి యేడే యుద్ధము వచ్చెను. అప్పటికిని హైదరు తన సేనలకు ఆ పాదిరిని అడ్డగింపరాదని ఆజ్ఞ ఇచ్చెను. ష్వార్ట్జుగారు ముందుగానే ధాన్యము కొని నిలువచేసియుంచి, కఱవులో తంజావూరున ఆకలిగొన్నవారికి పెట్టిరి. యుద్ధమును ఆపలేకపోయినను ఆయన చేసిన పని వ్యర్థము కాలేదు.

కావున మేము చేరిన నిర్ణయము ఇది. తప్పనిసరి యుద్ధము ఉండవచ్చును, పుణ్యయుద్ధము లేదు. ధర్మయుద్ధ నియమములు యుద్ధమునకు వేయు పూలమాలలు కావు, దాని కాళ్ళకు వేయు సంకెళ్ళు. ఈ సంకెళ్ళు ధరింపనొల్లని యుద్ధమును, అది మన దేశమువారిదైనను, మన మతమువారిదైనను, ధర్మమని క్రైస్తవుడు చెప్పరాదు.

ఇది మన ఇండ్లలో ఎట్లు ఆచరణకు వచ్చును? పటాలములో చేరిన పిల్లలు మన కుటుంబములలో కలరు. వారిని హంతకులని నిందింపవలదు. వారు మనకొఱకు భారము మోయుచున్నారు. కాని సెలవుపై వచ్చిన పిల్లవానిని ఎంతమందిని చంపితివని వేడుకగా అడుగుటయు వలదు. చెప్పదలచుకొన్నది చెప్పనిండు, చెప్పకున్న ఊరకుండనిండు. జయవార్త వచ్చిన ఆదివారమున దేవాలయములో కృతజ్ఞతాస్తుతి చేయుచుందురు. దానికి ముందు పాపపు ఒప్పుకోలు ప్రార్థన చేసి, అందు ఎదుటి పక్షమున చనిపోయినవారి తల్లులను కూడ స్మరింపవలెనని మా మనవి. ఆ ప్రార్థనకు నోరు రాకున్నయెడల, ఆ స్తుతిని ఆ వారమునకు ఆపివేయుట మేలు.